‘డ్రై క్లీన్ ఓన్లీ’ అంటే నీళ్లు తగలకూడదనేనా? సూరత్ చీరలు, దుప్పట్లు ఇంట్లో ఉతకడం ఎలా?

సూరత్ రింగ్ రోడ్‌లోని టోకు మార్కెట్ల నుంచి హైదరాబాద్, విజయవాడ, వరంగల్ దుకాణాలకు వచ్చే ఫ్యాన్సీ చీరల పెట్టెల మీద తరచూ కనిపించే ముక్క ‘డ్రై క్లీన్ ఓన్లీ’. ఆరేడు వందల చీరకూ అదే ముద్ర, ఆరేడు వేల చీరకూ అదే ముద్ర. ఆ మాట పాటిస్తే నాలుగైదు సార్లు కట్టేసరికి డ్రై క్లీనింగ్ ఖర్చు చీర ఖరీదును దాటిపోవచ్చు. పాటించకపోతే చీర పాడవుతుందేమోనని భయం.

చాలా ఇళ్లలో ఈ రెండూ జరగవు. చీర ఉతకకుండానే బీరువాలోకి వెళ్లిపోతుంది. చెమట, సెంటు, పసుపు మరకలు అందులోనే ఉండిపోయి కొన్ని నెలల్లో గుడ్డను, జరీని దెబ్బతీస్తాయి. నిజానికి ఆ ముద్ర ఉన్న వాటిలో చాలా భాగం చన్నీళ్లలో ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. కొన్నింటికి మాత్రం నీళ్లు నిజంగానే ప్రమాదం. మరికొన్ని డ్రై క్లీనింగ్‌లోనే పాడవుతాయి. ఏది ఏ కోవకు చెందుతుందో తెలియాలంటే ముద్ర కంటే ముందు గుడ్డను చదవాలి.

రింగ్ రోడ్‌కు చీర ఎలా చేరుతుంది?

మానవ నిర్మిత నూలు బట్టలకు దేశంలో అతిపెద్ద కేంద్రం సూరత్. లింబాయత్, ఉధ్నా, సచిన్ ప్రాంతాల్లోని మరమగ్గాల మీద ముడి గుడ్డ తయారవుతుంది. పాండేసరా వంటి చోట్ల ఉన్న మిల్లుల్లో అద్దకం, ప్రింటింగ్ జరుగుతాయి. ఆ తర్వాత ఎంబ్రాయిడరీ, రాళ్లు అతికించడం, లేసు కుట్టడం. చివరగా మడత, పెట్టె, స్టిక్కర్. అప్పుడు రింగ్ రోడ్ వ్యాపారి దుకాణం నుంచి దేశమంతటికీ లారీల్లో వెళుతుంది.

ఈ గొలుసులో తెలుగువారి చేయి కూడా ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాల క్రితమే సూరత్ మగ్గాలకు వలస వెళ్లాయి. లింబాయత్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో తెలుగు మాధ్యమం బడులు కూడా నడిచాయి. అంటే వరంగల్‌లో ఒకరు కొనే చీర, అదే జిల్లా నుంచి వెళ్లిన మరొకరి మగ్గం మీద పుట్టి ఉండొచ్చు.

ఇంత పొడవైన గొలుసులో ఒక చిక్కు ఉంది. నేసినవారికి దాని మీద ఏ రాళ్లు పడతాయో తెలియదు. రాళ్లు అతికించేవారికి ఏ రంగు వాడారో తెలియదు. పెట్టె మీద స్టిక్కర్ వేసే వ్యాపారికి ఇవన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించే తీరిక ఉండదు. అందుకే అన్నింటికీ కలిపి ఒకే హెచ్చరిక.

ముద్ర ఎవరి రక్షణ కోసం?

‘డ్రై క్లీన్ ఓన్లీ’ అనేది చాలాసార్లు గుడ్డ గుణం గురించి చెప్పే మాట కాదు, అమ్మినవారు తమ జాగ్రత్త కోసం రాసుకునే మాట. ఇంట్లో ఉతికితే రంగు పోయిందని కొన్నవారు వెనక్కి తెస్తే, చూపించడానికి ఆ స్టిక్కర్ పనికొస్తుంది.

ఇది సూరత్‌కే పరిమితం కాదు. అమెరికాలో బట్టల సంరక్షణ లేబుళ్లపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 1971 నుంచి ఉంది. దాని ప్రకారం తయారీదారు ఒక సురక్షితమైన పద్ధతి చెబితే చాలు. నీళ్లలో ఉతికినా, డ్రై క్లీన్ చేసినా ఇబ్బంది లేని గుడ్డ మీద కూడా ‘డ్రై క్లీన్’ అని మాత్రమే రాయొచ్చు. రెండో దారి ఉందని చెప్పాల్సిన బాధ్యత లేదు.

డ్రై క్లీనింగ్ ‘డ్రై’ కాదు

పేరు విని పొడిగా శుభ్రం చేస్తారనుకుంటాం. నిజానికి బట్టలు ద్రవంలోనే మునుగుతాయి. ఆ ద్రవం నీళ్లు కాదు, ఒక రసాయన ద్రావణి. ప్రపంచంలో ఎక్కువగా వాడింది పర్‌క్లోరోఇథిలీన్. వాడుకలో ‘పెర్క్’ అంటారు. మన దగ్గర చిన్న దుకాణాల్లో పెట్రోలియం నుంచి వచ్చే మినరల్ టర్పెంటైన్ వంటివి వాడతారు. దాన్నే ‘పెట్రోల్ వాష్’ అంటారు.

ద్రావణికి నూనె, జిడ్డు, లిప్‌స్టిక్ మరకలు తేలిగ్గా లొంగుతాయి. చెమటలోని ఉప్పు, కూల్‌డ్రింక్‌లోని చక్కెర నీళ్లలో కరిగేవి. అవి ద్రావణిలో సరిగా పోవు. అందుకే మన ఎండల్లో కట్టిన చీర డ్రై క్లీనింగ్ నుంచి మెరుస్తూ తిరిగొచ్చినా, చంకల దగ్గర చెమట మరక కొన్నాళ్లకు పసుపుపచ్చగా మళ్లీ పైకి తేలుతుంది.

ఆరోగ్యం సంగతీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం పెర్క్‌ను ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న’ పదార్థాల జాబితాలో పెట్టింది. డ్రై క్లీనింగ్‌లో దీని వాడకాన్ని పదేళ్లలో దశలవారీగా ఆపేయాలని అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. ముప్పు ప్రధానంగా రోజంతా ఆ ఆవిరి పీల్చే కార్మికులకు. అయినా తెచ్చిన బట్టను ప్లాస్టిక్ కవర్ తీసి, గాలి తగిలే చోట కొన్ని గంటలు ఆరేశాకే బీరువాలో పెట్టడం మంచిది.

గుర్తులు చదవడం

బ్రాండెడ్ బట్టల లోపలి పట్టీ మీద మాటల కంటే బొమ్మలే ఎక్కువ సమాచారం ఇస్తాయి. ఇవి అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరిస్తాయి.

• నీళ్ల తొట్టి: ఉతకడం. అందులో 30 అని ఉంటే 30 డిగ్రీల సెల్సియస్ మించకూడదు. చేయి ఉంటే చేత్తో మాత్రమే ఉతకాలి.
• త్రిభుజం: బ్లీచింగ్.
• చతురస్రం: ఆరబెట్టడం. లోపల వృత్తం ఉంటే డ్రయర్ యంత్రం.
• ఇస్త్రీపెట్టె: ఒక చుక్క ఉంటే తక్కువ, రెండు ఉంటే మధ్యస్థ, మూడు ఉంటే ఎక్కువ వేడి.
• వృత్తం: దుకాణంలో చేయించాల్సిన శుభ్రత. లోపలి ఇంగ్లిష్ అక్షరం ‘పి’ అయితే పెర్క్ కూడా వాడొచ్చు, ‘ఎఫ్’ అయితే పెట్రోలియం రకం ద్రావణులే, ‘డబ్ల్యూ’ అయితే నిపుణులు నీళ్లతో చేసే వెట్ క్లీనింగ్.

గుర్తు మీద అడ్డంగా కొట్టివేత ఉంటే ఆ పని చేయొద్దని అర్థం. అసలు చూడాల్సింది ఇదే. వృత్తం ఒక్కటే ఉండి, తొట్టి మీద కొట్టివేత లేకపోతే, చన్నీళ్లలో ఉతికి చూసే అవకాశం మిగిలి ఉన్నట్టే. తొట్టి మీద కొట్టివేత ఉంటే మాత్రం ఆ మాట వినాలి.

అసలు ఇది ఏ గుడ్డ?

చీరల పెట్టెల మీద ‘సిల్క్’ అనే మాట చాలా వదులుగా వాడతారు. ఆర్ట్ సిల్క్, సెమీ సిల్క్, లిచీ సిల్క్ వంటి పేర్లతో వచ్చేవాటిలో పట్టు ఉండకపోవచ్చు. అసలు పట్టుకు కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్ మార్క్ లేబుల్ ఉంటుంది.

లేబుల్ లేకపోతే పాత పద్ధతి ఉంది. అంచు నుంచి రెండు మూడు దారప్పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద నిప్పు చూపించాలి.

• పాలిస్టర్ కరిగి ముడుచుకుంటుంది. నల్లటి పొగ వస్తుంది. చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది.
• పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన వస్తాయి. బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది.
• నూలు, విస్కోస్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతాయి.

చీరనే నిప్పు దగ్గరకు తీసుకెళ్లకూడదు. కరిగిన సింథటిక్ చర్మానికి అంటుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్‌లోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్‌లో చెలరేగిన మంటలను అదుపు చేయడానికి ఒక రోజుకు పైగా పట్టింది.

నీళ్లు ఎవరికి పడతాయి, ఎవరికి పడవు?

తేడా అంతా నీళ్లను పీల్చుకునే గుణంలో ఉంది. సాధారణ వాతావరణంలో పాలిస్టర్ తన బరువులో 0.4 శాతం తేమనే పట్టుకుంటుంది. పట్టు 11 శాతం దాకా, విస్కోస్ 11 నుంచి 13 శాతం దాకా పట్టుకుంటాయి. తేమ లోపలికి వెళ్లనప్పుడు పోగు ఉబ్బదు, కుంచించుకుపోదు. అందుకే సూరత్ జార్జెట్, షిఫాన్, క్రేప్ పాలిస్టర్‌వి అయితే చన్నీళ్లు వాటిని ఏమీ చేయవు. వాటి శత్రువు వేడి. మరిగే నీళ్లలో ముంచితే మడతలు శాశ్వతంగా పడిపోతాయి. ప్లీటెడ్ చీరల కుచ్చిళ్లు వదులైపోతాయి.

సిరిసిల్ల మరమగ్గాల మీద నేసి, 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ పాలిస్టర్‌వే. వాటికీ ఇదే సూత్రం.

విస్కోస్ జార్జెట్ చూడటానికి పాలిస్టర్‌లాగే ఉంటుంది. కానీ తడిస్తే దాని బలం దాదాపు సగం తగ్గుతుంది, బాగా ముడుచుకుంటుంది. అసలు పట్టు క్రేప్, జార్జెట్‌లలో పోగులు గట్టిగా మెలితిప్పి ఉంటాయి. తడిసినప్పుడు ఆ మెలిక బిగుసుకుని చీర పొట్టిదవుతుంది. గద్వాల చీరలో ఒంటి భాగం నూలు, అంచు, కొంగు పట్టు. నూలు ఒకలా, పట్టు ఒకలా ముడుచుకుంటే అతుకు దగ్గర అలలు తేలతాయి. కంచి, ధర్మవరం వంటి బరువైన పట్టు చీరలు, వెల్వెట్, లోపల గట్టి క్యాన్వాస్ వేసి కుట్టిన కోట్లు, షేర్వాణీలు దుకాణానికి ఇవ్వడమే మేలు.

రాళ్లు, చమ్కీలు, ఫాయిల్ ప్రింట్ ఉన్న చీరల కథ వేరు. లింబాయత్ వంటి కాలనీల్లో ఎందరో మహిళలు ఇంట్లోనే కూర్చుని, ముక్కకింత అని కూలికి రాళ్లు అతికిస్తారు. ఆ జిగురు, కొన్ని రకాల ప్లాస్టిక్ చమ్కీలు, ఫాయిల్‌ను పట్టి ఉంచే పూత ద్రావణిలో మెత్తబడతాయి, కరుగుతాయి. అంటే ‘డ్రై క్లీన్ ఓన్లీ’ అని రాసిన చీరే డ్రై క్లీనింగ్‌లో రాళ్లు రాల్చుకుంటుంది. పాలిస్టర్ మీద రాళ్లు ఉంటే చన్నీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీయడమే ఎక్కువసార్లు క్షేమం.

ఉతికే ముందు మూడు పరీక్షలు

రంగు పరీక్ష: తెల్ల నూలుగుడ్డను నీళ్లలో తడిపి, ఒక చుక్క సబ్బు ద్రవం వేసి, కుచ్చిళ్ల లోపలి భాగంలో పది నిమిషాలు అదిమి పెట్టాలి. గుడ్డకు రంగు అంటితే ఆ చీరను ఉతకకూడదు. ముదురు అంచు, లేత ఒళ్లు ఉన్న చీరల్లో రెండు రంగులనూ విడివిడిగా పరీక్షించాలి.

కొలత పరీక్ష: చీరతో వచ్చే బ్లౌజ్ ముక్క మంచి అవకాశం. కుట్టించే ముందు మిగులు భాగంలో చిన్న ముక్క కత్తిరించి, దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, తడిపి, ఆరాక కొలవాలి. అర సెంటీమీటరు తగ్గిందంటే 5 శాతం. ఐదున్నర మీటర్ల చీరలో అది 27.5 సెంటీమీటర్లు.

కుట్టు పరీక్ష: ఫాల్, లైనింగ్, లేసు ఏ గుడ్డవో చూడాలి. చీర బాగానే ఉండి కింది అంచు ముడతలు పడిందంటే తప్పు చాలాసార్లు నూలు ఫాల్‌ది. ఫాల్‌ను ముందే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతే కుట్టించాలి.

ఉతికే తీరు

బకెట్లో మామూలు చన్నీళ్లు తీసుకుని, ఒకటి రెండు టీస్పూన్ల తేలికపాటి సబ్బు ద్రవం కలపాలి. ఉన్నికి, పట్టుకు అని ప్రత్యేకంగా అమ్మే ఈజీ వంటివి సరిపోతాయి. మామూలు సబ్బుపొడి క్షారగుణం గలది. కొన్నింటిలో మాంసకృత్తుల మరకలను విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులే కాబట్టి ఆ పొడి మరకతో పాటు గుడ్డనూ తింటుంది.

తెలుగు ఇళ్లలో పట్టుకు వాడే కుంకుడు రసం ఇక్కడ అక్కరకొస్తుంది. అందులోని నురుగు పదార్థం మెల్లగా మురికిని వదిలిస్తుంది, క్షారగుణం ఉండదు. రసాన్ని బాగా వడగట్టాలి. తెలుపు, లేత రంగుల మీద మాత్రం కుంకుడు గోధుమరంగు ఛాయ వదలొచ్చు.

చీరను మడత విప్పి ముంచి, ఐదు నిమిషాలకు మించకుండా ఉంచి, చేత్తో మెల్లగా అదమాలి. రుద్దడం, బాదడం, బ్రష్ వాడటం పనికిరావు. రెండు మూడు నీళ్లలో జాడించాలి. పిండకూడదు. పెద్ద టవల్ మీద పరిచి, చాపలా చుట్టి, పైనుంచి నొక్కితే నీళ్లు టవల్‌లోకి వెళ్తాయి. నీడలో ఆరేయాలి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, తిరగవైపు నుంచి, పైన పలుచటి నూలుగుడ్డ వేసి చేయాలి.

యంత్రంలో వేయాల్సి వస్తే రాళ్లు, జరీ లేని పాలిస్టర్ చీరనే వేయాలి. వల సంచిలో పెట్టి, ‘డెలికేట్’ పద్ధతిలో, చన్నీళ్లతో, స్పిన్ తగ్గించి తిప్పాలి.

జరీ సంగతి

సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు ఉంది. జరీల్లో ప్రధానంగా మూడు రకాలు. అసలు జరీలో వెండి తీగ, పైన బంగారు పూత. ఇమిటేషన్ జరీలో రాగి తీగ, పైన వెండి పూత. ప్లాస్టిక్ జరీ అంటే లోహపు పూత పూసిన పాలిస్టర్ పొర. ఫ్యాన్సీ చీరల్లో ఎక్కువగా కనిపించేది మూడోది. చన్నీళ్లు దాన్ని నల్లబరచవు, ఇస్త్రీ వేడి మాత్రం ముడిచేస్తుంది.

రాగి, వెండి జరీలను నల్లబరిచేవి చెమట, సెంటు, ఉప్పు, తేమ. సెంటు చీర కట్టకముందే ఒంటికి కొట్టుకోవాలి. విప్పిన చీరను వెంటనే మడవకుండా గాలికి ఆరేయాలి. దాచేటప్పుడు జరీ జరీని తాకకుండా నూలుగుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చాలి. నాఫ్తలీన్ ఉండలు చీరకు తగలకూడదు.

దుప్పట్లు, బొంతలు, దిండ్లు

సూరత్ గ్లేస్ కాటన్ దుప్పట్లు పేరుకే కాటన్, వాటిలో ఎక్కువ పాలిస్టర్‌వే. ముద్ర ఏదైనా మామూలుగా ఉతుక్కోవచ్చు. పాలిస్టర్ దూది నింపిన కంఫర్టర్ కూడా ఉతకదగినదే, పై గుడ్డ పట్టు, వెల్వెట్ కానంతవరకు. అసలు ఇబ్బంది యంత్రం సైజుతో వస్తుంది. డ్రమ్ములో మూడో వంతు ఖాళీ ఉండాలి. కుక్కి పెడితే సబ్బు లోపలే ఉండిపోతుంది, కుట్లు తెగి దూది ఒక మూలకు చేరుతుంది. ఇంటి యంత్రంలో పట్టకపోతే పెద్ద యంత్రాలున్న లాండ్రీలో నీళ్లతోనే ఉతికించొచ్చు.

ఆరడం ఉతకడం కంటే ముఖ్యం. పైకి పొడిగా ఉన్నా లోపల తేమ మిగిలితే బూజు వాసన పడుతుంది. ఎండాకాలం ఉదయాన్నే ఉతికి, రెండు తీగల మీద పరిచి ఆరేసి, మధ్యమధ్య తిరగేసి, దూదిని చేత్తో విడదీయాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

అసలు దూది బొంతలు, బూరుగుదూది దిండ్లు, పరుపులు నీళ్లలో ముంచకూడదు. దూది ఉండకడుతుంది. వాటికి కవర్ ఉతకడం, ఎండలో వేయడం, ఏకించి మళ్లీ కుట్టించడమే దారి. మెమరీ ఫోమ్, లాటెక్స్ దిండ్లకు ఎండ కూడా పడదు. కవర్ ఉతికి, దిండును నీడలో గాలికి పెట్టాలి. మింక్ దుప్పట్లు చన్నీళ్లలో ఉతకొచ్చు, కానీ తడిస్తే విపరీతంగా బరువెక్కుతాయి. ఒక్కరే ఎత్తి ఆరేయడానికి ప్రయత్నించొద్దు.

మానుకోవాల్సినవి

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. అద్దకం సరిగా జరగని గుడ్డకు ఇంట్లో ఉప్పు శాశ్వతంగా రంగు పట్టించలేదు. పైగా జరీని తినేస్తుంది. వెనిగర్ రాగి జరీకి మంచిది కాదు. క్లోరిన్ బ్లీచ్ పట్టును, ఉన్నిని కరిగిస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం ఇంట్లో పెట్రోల్‌తో, కిరోసిన్‌తో మరకలు తీయడం. పెట్రోల్ ఆవిరి కంటికి కనిపించకుండా నేల వెంట పాకి, దూరంలో ఉన్న పొయ్యి, స్విచ్ నిప్పురవ్వకు అంటుకుంటుంది. సింథటిక్ గుడ్డను రుద్దినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు కూడా చాలు. ఈ పని ఆరుబయట కూడా చేయకూడదు.

దుకాణానికి ఇచ్చేటప్పుడు

ఇవ్వక తప్పని చీరలకు కొన్ని జాగ్రత్తలు నష్టం తగ్గిస్తాయి. ఏ ద్రావణి వాడతారో అడగాలి. మరక ఎక్కడుందో, దేనివల్ల పడిందో చెప్పాలి. రాళ్లు, ఫాయిల్ ఉంటే రసీదు మీద రాయించాలి. ఇచ్చే ముందు కొంగు, అంచు, జరీ ఫొటోలు తీసుకోవాలి. కొన్న బిల్లు దాచుకోవాలి.

‘నష్టానికి బాధ్యత మాది కాదు’ అని రసీదు వెనుక అచ్చు వేసినంత మాత్రాన వినియోగదారుడి హక్కు పోదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సేవా లోపాన్ని, అన్యాయమైన ఒప్పందాలను ప్రశ్నించే వీలు ఇచ్చింది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. పరిష్కారం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

చీర కొనేటప్పుడే దుకాణంలో రెండు ప్రశ్నలు అడగడం అన్నిటికంటే తేలిక: ఇది ఏ పోగు, రాళ్లు కుట్టినవా, అతికించినవా? వాటికి సరైన జవాబు దొరికితే పెట్టె మీది ముద్రను ఎంతవరకు పట్టించుకోవాలో కొన్నవారే నిర్ణయించుకోగలరు.